ఆగుమన్న మనిషి

కోరుట్ల నుంచి సిరిసిల్లకు బయలుదేరిన నాడు హరిప్రసాద్ చేతిలో ఉన్నవి ఇవి: కిరాయికి మాట్లాడిన డీసీఎం వ్యాను, గ్యాసుతో ఇనుము కోసే మనుషులు ఇద్దరు, తూకం మిషను, ఒక వాడ మొత్తం తనకిచ్చిన మాట. వీటిలో ఆఖరిదే అసలు పెట్టుబడి.

సిరిసిల్లలో పవర్‌లూమును సాంచా అంటారు. ఆ వాడలో ఉన్నది ఆసాములు. తలా నాలుగైదు సాంచాలు పెట్టుకొని, పెద్ద సేట్లు ఇచ్చే నూలుతో బట్ట నేసిచ్చి కూలి తీసుకునేవాళ్లు. నెలల తరబడి నూలు రాక, సాంచాలను పాత ఇనుము కింద అమ్మేస్తామని వాళ్లే కబురు పెట్టారు. హరిప్రసాద్ ఇల్లిల్లూ తిరిగి బయానా చేతిలో పెట్టి వచ్చాడు. ఒక్కరూ బేరమాడలేదు. పాత ఇనుప సామాను దుకాణం మీద తల నెరిసిన మనిషి కాబట్టి బేరమాడని గడప ఎంత విలువైందో అతనికి తెలుసు. ఆశ ఉన్నవాడు కిలోకు రూపాయి కోసం పూటంతా కొట్లాడతాడు. ఆశ పోయినవాడు "తీస్కపో సేటూ, కండ్ల ముంగట లేకుంటే చాలు" అంటాడు. ఆ మాట అతను ఆ వాడలో ప్రతి ఇంటా విన్నాడు. విన్న ధైర్యంతోనే ఇనుము కరగబోసే ఫ్యాక్టరీకి ఫోను చేసి, నెలాఖరులోగా లారీలకు లారీలు సరుకు దింపుతానని ఒప్పుకున్నాడు. దింపకపోతే ఆ కాంట్రాక్టు జగిత్యాల ఓదెలుకు పోతుంది.

వ్యాను సందులో పట్టలేదు. మూలమీద ఆపించి, నడుచుకుంటూ లోపలికి పోయాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. మొదటి కార్ఖానా పోచవ్వది. తలుపు బార్లా తీసి ఉంది. లోపల పోచవ్వా ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ కిరోసిన్ గుడ్డలతో సాంచా తుడుస్తున్నారు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల మీద కూర్చొని, గేరు పళ్ల సందుల్లో పేరుకున్న దూదిని చీపురుపుల్లతో గీరి తీస్తోంది. గేరు మీద కొత్త నూనె తళతళలాడింది.

హరిప్రసాద్‌కు ఆ నూనె నచ్చలేదు.

"ఏంది పోచవ్వా, కొలిమికి పోయేదానికి తానం పోస్తున్నవ్?"

"నీ బిడ్డను అత్తగారింటికి తోల్తే మురికి చీరె మీదనే తోల్తవా సేటూ?" అందామె తలెత్తకుండానే. పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. "గని ఇయ్యాల తోల్తలేం. ఆనందం ఆగుమన్నడు."

"ఏ ఆనందం?"

"మా ఆసాముల సంఘం పెద్ద. ఉగాది ఎనక ఎన్నుకున్నం."

హరిప్రసాద్ సాంచా దగ్గరికి పోయాడు. ముందువైపు పాత చీర కప్పి ఉంది. ఎత్తి చూస్తే, అయిపోయిన పడుగు తాలూకు చివరి జానెడు దారాలు అచ్చులోనే ఉన్నాయి. పోగుకు పోగు దువ్వినట్టు నిలబడి ఉన్నాయి. అతను కటింగు మనిషి వైపు తిరిగి, "ముందుగల ఇవి కోసెయ్" అన్నాడు.

పోచవ్వ ఒక్క ఉదుటున లేచి అతని మణికట్టు పట్టుకుంది. కిరోసిన్ తడి చొక్కా చేతికి అంటింది.

"అది ముట్టకు సేటూ. పడుగు చుట్టిన కొత్త బీమచ్చిందనుకో, గీ కొసలకే ఒక్కొక్క పోగు ముడేసుకుంట పోతం. సాయంత్రానికి సాంచా నడుస్తది. కోసినవనుకో, వేల పోగులు మళ్ల ఒక్కొక్క కన్నంలకెళ్లి ఎక్కియ్యాలె. నా కండ్లకు గదిప్పుడు శాతనైతదా?"

"బీము వచ్చేదుందా అసలు?"

"ఆనందం అస్తదంటున్నడు."

వాడంతా తిరిగాడు. ఎక్కడా దారం కోయలేదు. ఎక్కడ చూసినా అదే మాట. ఆనందమన్న ఆగుమన్నడు. స్కూలు బట్టల ఆర్డరు వస్తదన్నడు. పది రోజులన్నడు.

కిందటిసారి తన కళ్లలోకి చూడలేని ఆసాములు ఇప్పుడు చూస్తున్నారు. ఒకతను ఏకంగా కిలో రేటు ఎంతని అడిగాడు.  రేటు అడుగుతున్నారంటే పెట్టుబడి కరుగుతున్నట్టే.

ఆనందం మధ్యాహ్నానికి దొరికాడు. దివాకర్ అనే కుర్ర ఆసామి కార్ఖానాలో, నలుగురితో కలిసి ఒక సాంచాకు మోటారు బిగిస్తున్నాడు. యాభై దాటిన బక్కపలచని మనిషి. చొక్కా జేబు నిండా పిక్కర్లు, అంటే నాడెను అటూ ఇటూ కొట్టే చిన్న ముక్కలు. వాటి బరువుకు జేబు కిందికి సాగిపోయింది.

"కోరుట్ల సేటువా? మంచిగున్నవా? కూసో," అన్నాడు, స్పానరు కింద పెట్టకుండా. "మావోళ్లు మాటిచ్చింది నిజమే. జరంత ఆగు."

"ఎన్ని దినాలు?"

"పది."

"కాయితం చేతికచ్చిందా?"

"అస్తది."

"ఎవరిస్తమన్నరు?"

ఆనందం బోల్టు బిగిస్తూ ఉండిపోయాడు. దివాకర్ చెమట తుడుచుకుంటూ అన్నాడు: "నేను సుత గదే అడుగుతున్న సేటూ. నాకు దుబాయి వీసా అచ్చింది. సాంచాలు అమ్మితే గని టికెట్టు కొన. గీయనేమో పది పది అనుకుంట నా ఎండకాలం మొత్తం తినేటట్టున్నడు."

"నీకు ఎడారిల ఎండ సరిపోతదిలే," అన్నాడు ఆనందం. అందరూ నవ్వారు. దివాకర్ కూడా నవ్వాడు.

హరిప్రసాద్ నవ్వలేదు. ఆగమని చెప్పేవాడికి ఆ ఆగడంలో లాభం ఉంటుంది. ఇది అతను బతుకంతా వ్యాపారంలో పట్టుకున్న లెక్క. పసుపు ఆపేవాడు రేటు పెరగాలని ఆపుతాడు. భూమి ఆపేవాడు రోడ్డు రావాలని ఆపుతాడు. ఈ ఆనందం ఊరికే ఎందుకు ఆపుతాడు? సాంచాలను తుడిపిస్తున్నాడు, నూనె పోయిస్తున్నాడు, ఊడిపోయిన పిక్కర్లు వేయిస్తున్నాడు. తుడిచి నడిపించిన సాంచాకు ఇనుము ధర పలకదు, మిషను ధర పలుకుతుంది. ఎవడో మహారాష్ట్ర వ్యాపారితో మాట్లాడుకొని ఉంటాడు. వీళ్లను పదేపది రోజులని జోకొడుతూ, చివరికి గంపగుత్తగా అమ్మించి కమిషను నొక్కేస్తాడు. సంఘాల పెద్దలను హరిప్రసాద్ చాలామందిని చూశాడు.

ఖాళీ వ్యానుతో తిరిగి పోతూ పోచవ్వను అడిగాడు: "రేపు ఉంటడా ఆనందం?"

"ఉండడు. జగిత్యాల పోతడట."

"జగిత్యాలల మీకు ఆర్డర్లిచ్చేటోళ్లెవరు?"

పోచవ్వ చేతిలోని గుడ్డ పిండుతూ ఆగింది. "ఏమో," అంది. తర్వాత ఆమే మళ్లీ, "వారం వారం పోతడు మరి," అంది.

జగిత్యాలలో మామిడికాయల మార్కెట్టు ఉంది, పాత ఇనుము యార్డులు ఉన్నాయి. బట్టకు ఆర్డరిచ్చేవాడు ఎవడూ లేడు. కోరుట్ల చేరేలోపే హరిప్రసాద్ ఎక్కడికి పోవాలో తేల్చుకున్నాడు.

మర్నాడు జగిత్యాలలో ఓదెలు యార్డు గేటులో అడుగు పెట్టేసరికి, లోపలి నుంచి ఆనందం ఎదురొచ్చాడు. భుజానికి యూరియా సంచి. లోపల ఇనుప ముక్కలు గలగలమన్నాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆనందం మొహంలో రంగు మారడం హరిప్రసాద్ స్పష్టంగా చూశాడు.

"బస్సుకు టైమైతంది సేటూ," అని ఆనందం వంచిన తల ఎత్తకుండా పోయాడు.

ఓదెలు రేకుల కింద కుర్చీలో కూర్చొని మామిడిపండు పిసుకుతున్నాడు.

"రా ప్రసాదూ. కాంట్రాక్టు నాకు అప్పజెప్తానికి అచ్చినవా?"

"నీ నోట్లె పండు వడనీ ముందు. గాయన ఎందుకచ్చిండు?"

"సిరిసిల్లాయినా? వారానికోపారి అస్తడు. గేర్లు, పిక్కర్లు ఏరుకపోతడు. పైసలిచ్చే కొంటడు, ఉద్దెర లేదు." ఓదెలు టెంకను గోడ అవతలికి విసిరి, చేతిని గోనె సంచికి తుడుచుకున్నాడు. "సొంత సాంచాల మీద పావురం, ప్రేమ ఇంక పోనట్టున్నది."

"సొంత సాంచాలేంది?"

ఓదెలు గడ్డంతో మూలకు చూపించాడు. అక్కడ నాలుగు సాంచాలు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. పక్క ఫ్రేములకు ఆకుపచ్చ రంగు. దాని మీద దసరాకు పెట్టిన పసుపు కుంకుమ మరకలు. తెల్ల రంగుతో 'సాయి' అని రాసి ఉంది.

"ఆనందంయే. సాయి ఆయన కొడుకు. శివరాత్రికి అమ్మిండు. వాడోళ్లంత ఎములాడ రాజన్న జాతరకు పోయిన దినం చూసి లారీ తెమ్మన్నడు. ఎవలకు చెప్పొద్దన్నడు."

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

"నువ్వు సిరిసిల్లోనివా?" అని నవ్వాడు ఓదెలు.

హరిప్రసాద్ ఫోను తీసి ఫోటోలు కొట్టాడు. ఫ్రేము ఒకటి, పేరు ఒకటి, పసుపు మరకలు ఒకటి.  పోయిందనుకున్న పెట్టుబడి మొత్తం తిరిగి జేబులోకి వచ్చినట్టయింది. అమ్మొద్దని చెప్పే మనిషి అందరికంటే ముందు తనవి అమ్ముకున్నాడు. ఈ ఒక్క మాట వాడలో పడితే చాలు. ఇంక ఎవరూ కిలో రేటు అడగరు.

సాయంత్రం పోచవ్వ కార్ఖానా ముందు ఆసాములు కూడి ఉన్నారు. ఆనందం గట్టు మీద నిలబడి యూరియా సంచిలోని గేర్లు ఎవరికేది కావాలో అడిగి పంచుతున్నాడు. వ్యాను మూలమీద ఆగిన చప్పుడు విని అటు చూశాడు. హరిప్రసాద్ దిగి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాడు.

"నేనొక మాట చెప్పి పోత," అన్నాడు హరిప్రసాద్. "మీరు నాకు మాటిచ్చిర్రు. నేను బయానా ఇచ్చిన. ఇప్పుడు ఆగుమంటున్నరు. మంచిది, ఆగుత. గని మిమ్ముల ఆగుమన్న మనిషి తన సాంచాలు ఏం జేసిండో అడిగిర్రా?"

 "మీరు జాతరకు పోయిన దినం ఓదెలు లారీకెక్కిచ్చిండు," అని హరిప్రసాద్ ఫోను దివాకర్ చేతిలో పెట్టాడు. దివాకర్ వేలితో ఒక్కో ఫోటో జరుపుతూ పోయాడు. ఫోను అతని చేతి నుంచి పక్కవాడికి, అక్కడి నుంచి ఆడవాళ్లకు పోయింది. పోచవ్వ కళ్లకు దగ్గరగా పెట్టుకొని, దూరంగా పెట్టుకొని చూసింది.

"ఇది సాయి పేరు గాదూ?"

"అవునవ్వా," అన్నాడు ఆనందం.

"గందుకేనా నీ కార్ఖాన తాళం తీస్తలేవు!"

దివాకర్ లేచాడు. "మమ్ముల జాతరకు తోలి లారీ పిలుచుకున్నవా అన్నా? నాకేమో దినాము అమ్మకురా తమ్మీ, అమ్మకురా తమ్మీ! నా వీసా ఆగమైతుంటే సూసుకుంట కూసున్నవా?"

ఇదే. హరిప్రసాద్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తొందరపడాల్సిన పని లేదు. కాసేపాగితే వాళ్లే తూకం మిషను దింపమంటారు.

ఆనందం చేతిలో ఇంకా ఒక గేరు ఉంది. దాన్ని గట్టు మీద పెట్టాడు.

"సాయిగాని కంపెనీ మూతవడ్డది మస్కట్‌ల. నాలుగు నెలలు జీతం లేదు, తిండి లేదు. జుర్మానా కడితే గని వదలమన్నరు. సాంచాలు తప్ప నా కాడ ఏమున్నది? అమ్మిన. గప్పటికి నేనీ సంఘం పెద్దను గాదు. ఇంక సాంచాలు నడువయి, అయిపోయింది అనుకునే అమ్మిన. ఉగాదికి మీరు పెద్దగ నిలవెట్టిర్రు. చెప్తే, పెద్దాయనే అమ్ముకున్నడు మనదేందని అందరు అమ్ముకుంటరని చెప్పలే."

"మరి ఆర్డరు?" అన్నాడు దివాకర్.

ఆనందం గట్టు మీంచి దిగాడు.

"హైదరాబాదు ఆఫీసులకు మూడుసార్లు పోయిన. పైనోళ్లను అడిగినం, చూస్తున్నం అన్నరు. గదొక్కటే వాళ్ల మాట. పది రోజులన్నది నా మాట."

 

"ఎందుకన్నవే గట్ల?" అని వెనక నుంచి కిష్టవ్వ అడిగింది. ఆమె కార్ఖానాలో మొన్ననే మోటారు బాగు చేశారు.

"పొద్దుగాల తలుపు తీస్తే మీరంతా నా మొకమే చూస్తరు. ఏందన్నా అంటరు. ఏమీ లేదని ఎట్ల అనాలె? ఒకపారి పది అన్న. గా దినం పోచవ్వ సాంచా తుడిచింది. తెల్లారి కిష్టవ్వ తుడిచింది. ఇగ నాకు నోరాగలే." అతను హరిప్రసాద్ వైపు తిరిగాడు. "సేటూ, నీ బండి దగ్గరికి తెచ్చుకో. నేనడ్డం రాను."

హరిప్రసాద్ కటింగు మనుషులకు సైగ చేయబోయాడు.

"నిలువు," అంది పోచవ్వ. హరిప్రసాద్‌ను కాదు, ఆనందాన్ని. ఫోను ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "అంటే నీ కార్ఖానల ఇప్పుడు ఒక్క సాంచా సుత లేదు?"

"లేదవ్వా."

"దాసిపెట్టింది సుత లేదు? నీ బామ్మర్ది పేరు మీద?"

"ఏమీ లేదు."

పోచవ్వ ఆడవాళ్ల వైపు చూసింది. కిష్టవ్వ ముందుగా నవ్వింది. నవ్వు కాదు, ముక్కుతో విడిచిన గాలి.

"పాత పెద్దమనిషి ఉన్నప్పుడు ఆర్డరు రాలేదా? అచ్చింది," అంది పోచవ్వ. "నూలు బండి యాడ ఆగింది? ఆయన వాకిట్ల. మొదటి బీము ఎవని సాంచాకెక్కింది? ఆయన సాంచాకు. అటెన్క ఆయన తమ్మునికి. అటెన్క వియ్యంకునికి. మా సందులకు అచ్చేసరికి తెగిన కండెలు, తడిసిన నూలు. గాయనకు ముందటి పెద్దమనిషి సుత గంతే. నేను పెండ్లయి అచ్చినప్పటి సంది చూస్తున్న, సాంచాలు లేని మనిషి నూలు పంచంగ ఎన్నడన్న చూసినమా?"

ఎవరూ చూడలేదు.

"నూలు దాసుకున్నా యాడ ఎక్కిచ్చుకుంటడు, నెత్తి మీదనా?" అన్నాడెవరో. ఈసారి నిజంగానే నవ్వారు. ఆనందం నవ్వలేదు. అతనికి ఏం జరుగుతోందో ఇంకా అర్థమైనట్టు లేదు.

హరిప్రసాద్‌కు అర్థమైంది. ఆ మనిషిని పడగొట్టడానికి తను తెచ్చిన ఫోటోలే వీళ్ల చేతిలో జామీను పత్రాలైపోయాయి.

"గని ఒక్కటి," అని పోచవ్వ గొంతు పెంచింది. "పది అనకు, ఇరవై అనకు. కండ్లతోని చూసింది, చెవులతోని ఇన్నది చెప్పు. ఏం లేకుంటే ఏం లేదని చెప్పు. పొద్దుమూకంగ ఈడికచ్చి చెప్పు. ఇంట్ల తలుపేసుకోకు."

"ఏం లేదని చెప్తే సాంచా తుడుస్తరా?" అని అడిగాడు ఆనందం.

"తుడుస్తలేనా? నీ పది రోజులు అబద్ధమని నాకు రెండోపారికే ఎరుకైంది."

దివాకర్ మాత్రం కూర్చోలేదు. "నేను పోతనవ్వా. నాకు గీ లెక్కలు పట్టయి," అన్నాడు. ఆనందం అతని భుజం మీద చేయి వేసి, "పో తమ్మీ. విరిగిన రెండు అమ్ముకో, మంచియి రెండు తాళమెయ్యి. చాలకుంటే అందరం తలింత ఏస్తం. అచ్చినంక నడుపుకుందువు," అన్నాడు.  దివాకర్ కాదనలేదు.

పోచవ్వ కొంగు ముడి విప్పి బయానా డబ్బు హరిప్రసాద్ ముందు పెట్టింది. ఒక్కొక్కరే లేచి వచ్చారు. కొందరి దగ్గర అంతా లేదు.

"అమ్మేటోడు మాట తప్పితే బయానా రెండింతలు ఇయ్యాలె," అన్నాడు హరిప్రసాద్. అది ధర్మం, ఎవరూ కాదనలేరు.

"ఎరుకే," అన్నాడు ఆనందం. "ఇస్తం. జర టైమియ్యి."

"ఎన్ని దినాలు?"

ఆనందం పది అనబోయి ఆగాడు. "చెప్పలేను సేటూ," అన్నాడు.

హరిప్రసాద్ ఆ జవాబును నాలుక మీద వేసుకొని చూశాడు. ఇందులో మోసం ఎక్కడుందని వెతికాడు. అలవాటు కొద్దీ ఇంకోసారి వెతికాడు. తేదీ చెప్పనివాడికి ఉద్దెర ఇవ్వొచ్చు, బాకీ ఎగ్గొట్టేవాడే తేదీ ముందు చెప్తాడు. పైగా రెండింతలు వసూలు చేస్తే ఈ సందులోకి మళ్లీ అడుగు పెట్టే పని ఉండదు.

"రెండింతలు నాకొద్దు," అన్నాడు. "ఇచ్చింది ఇయ్యుర్రి. లేనోళ్లు ఉన్నప్పుడియ్యుర్రి. గని గేర్లకు జగిత్యాల పోవుడు బంద్. ఓదెలు పాత గేరుకు ఎంత తీస్కుంటున్నడు?"

ఆనందం చెప్పాడు.

"దోచుకుంటున్నడు. నా కోరుట్ల యార్డుల ఏడాది కింద కొన్న సాంచాలు పడున్నయి. కొలిమికి పోయేటియే. గేర్లు, మోటార్లు విప్పి నేనిస్త. ఓదెలు కన్న తక్కువకు."

"ఎంత తక్కువకు?" అంది కిష్టవ్వ.

పోచవ్వ, "ముందుగల గేరు పండ్లు అరిగినయో లేవో చూడాలె," అంది. ఇంకొకరు రవాణా ఖర్చు ఎవరిదన్నారు. మోటారు కాలితే వాపసు తీసుకుంటాడా అని ఇంకొకరు. పొద్దు గూకేదాకా ఆ వాడ మొత్తం అతన్ని చుట్టుముట్టి రూపాయి రూపాయికీ బేరమాడింది. హరిప్రసాద్ చొక్కా తడిసిపోయింది.

వ్యాను వేములవాడ దాటాక భార్య వసంతకు ఫోను చేశాడు.

"రేపు కటింగోళ్లు అస్తే గేటు తియ్యకు. మన సాంచాలు ఎవరు కొయ్యొద్దు. మంచిగ విప్పాలె."

"ఎందుకు? సిరిసిల్లల ఆర్డరచ్చిందా?"

"రాలే."

"అస్తదన్నరా?"

"ఎవరన్లే."

"మరి?"

హరిప్రసాద్ ఫోను జేబులో వేసుకున్నాడు. డ్రైవరు అద్దంలోంచి చూస్తుంటే కిటికీ వైపు తిరిగి లెక్క వేశాడు. పోయినవి: రెండు రోజుల కిరాయి, కటింగు మనుషుల కూలి, ఫ్యాక్టరీ కాంట్రాక్టు. అది ఇక ఓదెలుదే. మిగిలినవి: దివాకర్ అమ్మే విరిగిన సాంచాలు రెండు, కొంత బయానా, కోరుట్లలో ఇంకా అమ్ముడుపోని గేర్ల బేరం. ఎటు కూడినా నష్టమే తేలింది. సిరిసిల్లలో సాంచాలు నడవాలని కోరుకునేవాళ్లలో మాత్రం ఈ పూట ఒక మనిషి పెరిగాడు. ఆ మనిషిని ఏ పద్దు కింద రాసుకోవాలో తెలియక, లాభం కిందే రాసుకున్నాడు.